ఉప్పుటేటి గట్టున అక్రమ చెరువు పడుతుంటే ప్రభుత్వం చేత ఆపించడం ఎలా

గోదావరి డెల్టా చివరన, అంటే కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల తీర మండలాల్లో, సముద్రానికీ ఏటి పాయలకూ మడ అడవులకూ కాపలా కాయాల్సిన బాధ్యత ఏ ఒక్క శాఖదీ కాదు. నేల రెవెన్యూది, చెట్టు అటవీ శాఖది, చెరువు మత్స్య శాఖది, అందులోంచి వచ్చే మురుగు కాలుష్య నియంత్రణ మండలిది, ఆ మురుగు పడే డ్రెయిను జలవనరుల శాఖది. అందుకే ఊరు ఇచ్చిన అర్జీ నెలల తరబడి ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి తిరుగుతుంది, ఈలోగా చెరువులో రెండు పంటలు తీసేస్తారు. చట్టాలు తక్కువై ఇలా జరగడం లేదు. ఏ చట్టం కింద ఎవరిని ఏమి అడగాలో అర్జీలో ఉండకపోవడం వల్ల జరుగుతోంది. ఉప్పుటేటి పక్కన మడ కొట్టి రొయ్యల చెరువు తవ్వుతున్న సందర్భాన్నే ఉదాహరణగా తీసుకుని, మొదటి రోజు నుంచి మీరు చేయవలసిన పనులను కింద వివరిస్తున్నాను.

పని మొదలైన తేదీ రాసుకోండి

పొక్లెయిన్ దిగినట్టు తెలిసిన రోజునే నోటు పుస్తకంలో తేదీ, సమయం, చోటు రాసి, చూసినవారు ఇద్దరు ముగ్గురి చేత సంతకాలు పెట్టించండి. ఇది చిన్న పనిలాగే కనిపిస్తుంది కానీ రేపు మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ దీని మీదే. పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే, 2010 నాటి దాని చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలల్లోగా దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు మాత్రమే ఇస్తారు. మీరు అర్జీ పెట్టిన రోజు నుంచో, అధికారి జవాబిచ్చిన రోజు నుంచో ఆ గడువు మొదలుకాదు. 'విచారణలో ఉంది' అనే జవాబు కోసం ఎదురుచూస్తూ ఆ 6 నెలలూ పోగొట్టుకునే ఊళ్లే ఎక్కువ.

ఆ నేల ఏమిటో, గీత ఎక్కడుందో తేల్చుకోండి

తరువాతి పని సర్వే నంబరు. గ్రామ సచివాలయంలో విలేజ్ సర్వేయరును అడిగితే చెబుతారు. మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1బి (సాగు, యాజమాన్య వివరాలు), ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల) పటం చూసుకోవచ్చు. అది జిరాయితీయా (సొంత పట్టా భూమి), అసైన్డ్ భూమా (ప్రభుత్వం పేదలకిచ్చినది), పోరంబోకా, పర్రభూమా (చిత్తడి ఉప్పునేల), రిజర్వు అడవా అన్నది ముందు తెలియాలి, ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో దారి ఉంటుంది. అసైన్డ్ భూమిని పేదరైతు దగ్గర కౌలుకు తీసుకుని చెరువు వేసిన చోట 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద తహసీల్దారును అడగవచ్చు. కాకపోతే ఒక్క మాట. అక్కడ నోటీసు అందుకునేది సాధారణంగా ఆ పేదరైతే, పెట్టుబడి పెట్టినవారు కారు. అర్జీలో ఇద్దరినీ వేరువేరుగా చూపించడం న్యాయం.

రిజర్వు అడవి అయితే పని సులువు. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, సుమారు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉంది. దానికి దక్షిణాన బలుసుతిప్ప, కందికుప్ప వైపు కూడా మడ అడవి రిజర్వులు ఉన్నాయి. వాటి హద్దుల్లో గునపం పడినా అటవీ రేంజ్ అధికారి స్వయంగా కేసు నమోదు చేయవచ్చు. చిక్కంతా ఆ హద్దు దాటాక, రెవెన్యూ పర్రలోనో పట్టా భూమి అంచునో పెరిగిన మడతోనే వస్తుంది. "అది అడవి కాదండీ, మాకు సంబంధం లేదు" అని ఒకరు, "చెట్ల సంగతి మాకు తెలియదు" అని మరొకరు తప్పుకునేది ఇక్కడే.

అలాంటి చోట మీకు ఆధారం కోస్టల్ రెగ్యులేషన్ జోన్, వాడుకలో సీఆర్‌జెడ్. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 1991లో మొదటి ప్రకటన, 2011లో రెండోది, 2019లో మూడోది ఇచ్చింది. సముద్ర తీరం వెంట గరిష్ఠ పోటు రేఖ (పెద్ద పోటుకు నీరు ఎక్కే చివరి హద్దు) నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా ఈ నియంత్రణ ఉంటుంది. మడ అడవులు, ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత కట్టుదిట్టమైన మొదటి తరగతిలోకి, అంటే సీఆర్‌జెడ్-1ఎ లోకి వస్తాయి, నేల ఎవరి పేరున ఉన్నా సరే. ప్రభుత్వ భూమిలో మడ 1000 చదరపు మీటర్లకు మించి ఉంటే దాని చుట్టూ మరో 50 మీటర్లు కూడా రక్షణ పట్టీయే. ఇక డెల్టాలో అసలు గొడవంతా సముద్రపు ఒడ్డున కాదు, పోటు నీరు ఎక్కే పాయల వెంట ఉంటుంది. అక్కడ 2011 ప్రకటన ప్రకారం గట్టు నుంచి 100 మీటర్లు లేదా ఆ పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది హద్దు. 2019 ప్రకటన ఆ 100ని 50 చేసింది. అయితే 2019 ప్రకటనకు తగ్గట్టు తీర నిర్వహణ ప్రణాళికను (ఈ హద్దులను పటాల మీద గీసి చూపేది) సవరించి ఆమోదించే దాకా 2011 నాటి ప్రణాళికే నడుస్తుందని ఆ ప్రకటనలోనే ఉంది. కాబట్టి అర్జీలో దూరం రాసేముందు మీ మండలానికి ఈ రోజున అమలులో ఉన్న పటం ఏదో అడిగి తెలుసుకోండి. 70 మీటర్ల దూరంలో పడిన చెరువు ఒక పటం ప్రకారం నేరం, మరో పటం ప్రకారం కాదు.

పోటు ప్రభావం ఎంత లోపలి దాకా ఉందన్నదానికీ కొలత ఉంది. ఏడాదిలో బాగా ఎండిపోయిన రోజుల్లో నీటిలో ఉప్పుదనం వెయ్యింటికి 5 పాళ్లు ఉన్నంత దూరం పోటు ప్రాంతమే. వానాకాలంలో వరద నీరు తియ్యగా ఉన్నప్పుడు కొలిచి 'ఇది మంచినీటి పాయ' అని రాసుకుపోతే ఒప్పుకోకండి. గరిష్ఠ పోటు రేఖను మాత్రం మీరు గీయకండి. ఆమోదించిన ప్రణాళిక పటంలో గీసినదే చెల్లుతుంది. సర్వే నంబర్లతో ఉండే 1:4000 స్కేలు స్థానిక పటాన్ని తీసుకోవాలి, 1:25000 పటంలో మీ చెరువు చుక్కంత కూడా కనిపించదు.

మరొక విషయం అర్జీలో తప్పక ఎత్తిచూపాలి. 2011 ప్రకటన దేశంలో కొన్ని చోట్లను అత్యంత సున్నితమైన తీర ప్రాంతాలుగా పేరుపెట్టి చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచి అందులో కోరింగ, తూర్పు గోదావరి, కృష్ణా ఉన్నాయి. స్థానిక మత్స్యకారులను భాగస్వాములను చేసి నిర్వహించాల్సిన ప్రాంతాలివి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినంత మాత్రాన ఆ గుర్తింపు పోదు.

రొయ్యల చెరువుకు లైసెన్సు ఎవరిచ్చారో అడగండి

ఉప్పునీటి చెరువులకు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వర్తిస్తుంది. దీని కార్యాలయం చెన్నైలో ఉన్నా దరఖాస్తులు జిల్లా మత్స్య శాఖ ద్వారానే వెళతాయి. సముద్రం, నది, పాయ, బ్యాక్‌వాటర్ల పోటు రేఖ నుంచి 2 కిలోమీటర్ల దాకా దీని పరిధి. డెల్టాలో పాయలు లోపలి దాకా చొచ్చుకుపోయి ఉంటాయి కనుక సముద్రం కనిపించని ఊళ్లు కూడా ఇందులోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేయడమే తప్పు. 2023 సవరణ తీరప్రాంత ఆక్వా సాగును సీఆర్‌జెడ్‌లో అనుమతించదగిన పనిగా స్పష్టం చేసింది, జైలు శిక్షను తీసేసి జరిమానాలు పెట్టింది, రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల వంటివాటికి సడలింపులిచ్చింది. అయినా సముద్రపు ఒడ్డున ఉండే నిర్మాణ నిషేధ పట్టీలో, పాయల రక్షణ పట్టీలో, మడ వంటి సున్నిత ప్రాంతాల్లో చెరువులకు తలుపు తెరవలేదు. 'కొత్త చట్టం వచ్చింది, ఇప్పుడు అంతా ఓకే' అని చెరువుల ఆసాములు చెప్పేది సగం నిజమే. ఊరి నుంచి, తాగునీటి చెరువు నుంచి ఎంత దూరం వదలాలో పాత మార్గదర్శకాల్లో ఉంది. సవరణ తరువాత 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి కనుక ఆ అంకెలను తాజా ప్రతి చూసి రాయండి. ఈ చట్టం పరిధి దాటిన చెరువులకు 2020 నాటి రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం కింద లైసెన్సు ఉండాలి. బోర్లలో ఉప్పు తేలుతోందన్న బాధ అయితే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టాన్ని కూడా చేర్చండి.

ఇక్కడే యానాం సంగతి చెప్పాలి. కోరింగ ఏటి గట్టున నిలబడితే అవతలి చెరువు పుదుచ్చేరి పాలనలోనిది కావచ్చు. అప్పుడు మీ కలెక్టరు చేయగలిగింది లేఖ రాయడం వరకే. అక్కడి తీర నిర్వహణ అథారిటీ వేరు, అర్జీ కూడా వేరే పెట్టాలి.

ఆధారాలు కూడగట్టండి

ఫొటోలు పబ్లిక్ గట్టు మీద నుంచో, ఏటిలో పడవ మీద నుంచో తీయండి. ఎవరి చెరువులోకీ దిగకండి, కాపలావాళ్లతో మాటకు మాట పెట్టుకోకండి. ఊళ్లో ఆ చెరువు మీ బంధువుదో, మీకు అప్పిచ్చినవారిదో అయి ఉంటుంది. ఆ ఒత్తిడిని ఒక్కరే మోయకుండా మొదటి నుంచీ సంఘంగా, కనీసం పదిమంది సంతకాలతో నడవండి.

ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. ఒకే చోట నిలబడి పోటు మీద ఒకటి, పాటు మీద (నీరు వెనక్కి తీసినప్పుడు) ఒకటి తీయండి. పాటు సమయంలో బురదలోంచి నిలువుగా పొడుచుకొచ్చిన నల్ల మడ ఊపిరి వేళ్లు కనిపిస్తాయి. కొత్తగా వేసిన గట్టు మట్టి వాటి మీద పడిన చోట వేళ్లు సగం పూడి, ఆ పక్కనే కొట్టిన మొదళ్లు తాజాగా ఉంటాయి. ఆ ఫొటో ఒక్కటి పది పేజీల అర్జీ చేయలేని పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ మడ ఉండేది కాదని తరువాత ఎవరూ అనలేరు. పాయ నోటిని మట్టితో పూడ్చి తూము పెట్టిన చోటును ప్రత్యేకంగా తీయండి. నరకకపోయినా సరే, పోటు నీరు అందకపోతే మడ నిలువునా ఎండుతుంది. అలా ఎండబెట్టి ఆ తరువాత 'ఇది ఎండిన చెట్ల పర్ర' అని చూపించడం అందరికీ తెలిసిన ఎత్తే.

పాత స్థితి చూపడానికి గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు ఉంటాయి. అదే చోటు రెండు వేర్వేరు ఏళ్లలో ఎలా ఉందో పక్కపక్కన ముద్రించి, కింద అక్షాంశ రేఖాంశాలు, చిత్రం తేదీ రాయండి.

సమాచార హక్కు దరఖాస్తు, అర్జీ రెండూ ఒకే వారంలో

చాలామంది సమాచారం వచ్చాక అర్జీ పెడదామని ఆగుతారు. ఆగకండి, రెండూ కలిపి నడపండి. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. అభిప్రాయాలు అడగకండి, కాగితాలు అడగండి. 'ఫలానా సర్వే నంబరులో చెరువుకు ఎందుకు అనుమతిచ్చారు?' అని అడిగితే జవాబు రాదు. 'ఫలానా సర్వే నంబరుకు ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం ప్రతి, స్థల తనిఖీ నివేదిక ప్రతి, జిల్లా స్థాయి కమిటీ సమావేశ తీర్మానం ప్రతి ఇవ్వగలరు' అని రాస్తే ఇవ్వక తప్పదు. లేకపోతే 'మా కార్యాలయంలో లేదు' అని రాసివ్వాలి, అది మీకు ఇంకా మంచి ఆధారం.

అర్జీ రెండు పేజీలు దాటకూడదు. కలెక్టరు గారికి రాసి, ప్రతులను రాష్ట్ర తీర నిర్వహణ అథారిటీ సభ్య కార్యదర్శికి, జిల్లా మత్స్య శాఖ అధికారికి, డివిజనల్ అటవీ అధికారికి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, తహసీల్దారుకు పంపండి. కలెక్టరుకే ఎందుకంటే, సీఆర్‌జెడ్ అమలును చూడాల్సిన జిల్లా స్థాయి కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఆ కమిటీలో మత్స్యకారులతో సహా స్థానిక తీర సముదాయాల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలని ప్రకటనే చెబుతోంది. మీ జిల్లాలో ఆ ముగ్గురు ఎవరో, కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో సమాచార హక్కు దరఖాస్తులో అడగండి. ఈ ప్రశ్నతో కదిలే ఫైళ్లు చాలా ఉంటాయి. అర్జీలో అసలు భాగం ఈ తీరున ఉండాలి:

'ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలో, ఉప్పుటేటి గట్టుకు సుమారు ఇన్ని మీటర్ల దూరంలో, ఫలానా తేదీ నుంచి పొక్లెయిన్‌తో మడ చెట్లను తొలగించి చెరువు తవ్వుచున్నారు. ఈ స్థలం సీఆర్‌జెడ్-1ఎ పరిధిలోకి వస్తుందని మా మనవి. కావున, (1) పనిని తక్షణమే నిలుపుదల చేయించవలెనని, (2) అన్ని శాఖలతో మా సమక్షంలో ఉమ్మడి తనిఖీ జరిపించవలెనని, (3) గట్టును తొలగించి పోటు నీటి ప్రవాహాన్ని పునరుద్ధరించి, మడను తిరిగి పెంచు ఖర్చును బాధ్యుల నుంచి వసూలు చేయించవలెనని ప్రార్థన.'

మూడో కోరిక వదలకండి. 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు జైలు బదులు 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. రొయ్య ధర బాగున్న ఏడాది ఆ మొత్తాన్ని మేత ఖర్చులో కలిపేసుకునేవారు ఉంటారు. గట్టు తెగితేనే నష్టం తెలుస్తుంది.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. ప్రతులు స్పీడ్ పోస్టులో పంపి రశీదులు దాచండి. 'సంబంధిత శాఖకు పంపడమైనది' అని రాసి అర్జీని పరిష్కరించినట్టు చూపిస్తే, ఆ మెసేజ్‌ను ముద్రించి మళ్లీ తెరిపించండి. తనిఖీకి వస్తే వెంట వెళ్లండి, పంచనామాలో ఏం రాశారో చదవకుండా సంతకం చేయకండి.

సముద్రంలో తగవు, పెద్ద పరిశ్రమ సంగతి

చెరువు కాక సముద్రంలో బోట్ల గొడవ అయితే దారి సూటిగా ఉంటుంది. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలదే. మరబోటు ఆ లోపల వల లాగితే బోటు నంబరు, సమయం, జీపీఎస్ స్థానంతో మత్స్య శాఖకు ఫిర్యాదు చేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజన్ లేని పడవలకు మినహాయింపు.

చమురు, గ్యాస్ టెర్మినల్, రేవు, రసాయన పరిశ్రమ వంటివి వస్తుంటే 2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కింద ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికలో నోటీసు, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. మైకులో ఆవేశంగా మాట్లాడి వచ్చేస్తే సరిపోదు. రాతపూర్వకంగా కూడా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి, చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించే దాకా కదలకండి. ఇప్పటికే నడుస్తున్న పరిశ్రమ అయితే ప్రతి ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి పర్యావరణ అనుమతిలోని షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. ఆ ప్రతులు తీసుకుని షరతుల పక్కన పెట్టి చదివితే చాలా సంగతులు బయటపడతాయి.

మూడో నెల దాటితే ట్రిబ్యునల్

మూడు నెలలు గడిచినా పని ఆగకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనానికి వెళ్లడానికి సిద్ధపడండి. 2020లో కాకినాడ దుమ్ములపేట వద్ద ఇళ్ల స్థలాల కోసం మడను చదును చేసిన వ్యవహారం కూడా ఆ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, అక్కడ ప్రతివాది ప్రభుత్వమే. పరిహారం కోరకపోతే రుసుము 1,000 రూపాయలు. లాయరు లేకుండా స్వయంగా వాదించుకునే వీలుంది కానీ వ్యవహారం ఆంగ్లంలో నడుస్తుంది కనుక తెలుగు కాగితాలన్నిటికీ అనువాదాలు జతచేయాలి, ఆ ఖర్చును సంఘం ముందే లెక్కవేసుకోవాలి. 6 నెలల గడువు దాటిపోయినా పూర్తిగా తలుపు మూసుకుపోదు. నష్టపరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరుతూ 15వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా వెళ్లవచ్చు. పనిని ఆపించే అవకాశం మాత్రం అప్పటికి చేయిజారిపోయి ఉంటుంది.

ట్రిబ్యునల్ సాధారణంగా ఉమ్మడి కమిటీని వేసి నివేదిక అడుగుతుంది. ఆ కమిటీ వచ్చే రోజు ముందుగా తెలుసుకుని, మీ పాత ఫొటోలతో పాటు మొదటి రోజు సంతకాలు చేసినవారిని అక్కడ ఉంచండి. తీర్పు మీ వైపు వచ్చినా గట్టు తీయించే పని మళ్లీ స్థానిక అధికారులకే వస్తుంది. గట్టుకు ఒక చోట గండి కొట్టి, ఫొటో తీసి 'అమలు చేశాం' అని నివేదిక పంపుతారు. పెద్ద పోటు రోజున నీరు చెరువు అడుగంతా పరచుకుని పాటుకు పూర్తిగా తీస్తోందో లేదో మీరే చూసి, తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి. అమలు పిటిషన్ వేయాల్సి వస్తే జతచేయాల్సినవి అవే.